బ్రాంట్‌ఫర్డ్ బోర్డు మీద ఎవరి బొమ్మలు? బెల్ మన ఊరివాడేనా?

హేమ_కె
అందరికీ నమస్కారం. జూలై 1న కెనడా డేకి మన తెలుగు పిల్లల స్టాల్ దగ్గర ఒక బోర్డు పెడుతున్నాం. పేరు "మా ఊరి గొప్పవాళ్ళు". ఐదు బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద తెలుగులో నాలుగు లైన్లు. గీసేదీ రాసేదీ పిల్లలే. బోర్డు మీద ఐదుగురికే చోటుంది, ఆరోవాడిని అడగొద్దు.

నేను అనుకున్నవాళ్ళు వీళ్ళు: టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, చిత్రకారుడు లారెన్ హారిస్, కవయిత్రి పౌలీన్ జాన్సన్, కమెడియన్ ఫిల్ హార్ట్‌మన్. 2021 లెక్కల్లో లక్షా నాలుగు వేలు దాటిన ఊరికి ఇది మంచి లిస్టే అని నా ఉద్దేశం. అభ్యంతరాలుంటే శుక్రవారంలోగా చెప్పండి. శనివారం పిల్లలు రంగులు మొదలుపెడతారు.

తొంభైతొమ్మిది
గ్రెట్జ్‌కీ బొమ్మ మధ్యలో, పెద్దగా. మిగతా నలుగురు ఎవరైనా నాకు ఓకే.

గోదారోడు
హేమ గారూ, మొదటి పేరే తప్పు. బెల్ పుట్టింది 1847లో, ఎడిన్‌బరోలో. చదివింది స్కాట్లాండ్‌లో, లండన్‌లో. బ్రాంట్‌ఫర్డ్‌కి వచ్చింది 1870 ఆగస్టులో. 1871 వసంతానికి బోస్టన్‌లో బధిర పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిపోయాడు. అంటే కుదురుగా ఇక్కడున్నది ఎనిమిది నెలలు. ఆ తర్వాత సెలవులకి అమ్మానాన్నల దగ్గరికి వచ్చి పోయేవాడు. అది కూడా ఊళ్ళో కాదు, ఊరి బయట ట్యుటెలా హైట్స్ మీద. పేటెంట్ అమెరికాది, 1876 మార్చి 7. మార్చి 10న పక్క గదిలోని తన సహాయకుడు వాట్సన్‌కి మాట వినిపించింది బోస్టన్‌లో. చివరికి కన్నుమూసింది నోవా స్కోషియాలో.

ఇందులో మన ఊరు ఎక్కడుంది? పిల్లలకి తప్పు నేర్పకండి.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
గోదారి తమ్ముడూ, తేదీలన్నీ వరసగా చెప్పావు, అసలైన తేదీ ఒక్కటి వదిలేశావు. 1874 జూలై 26. ఆ సాయంత్రం ట్యుటెలా హైట్స్ ఇంట్లో బెల్ తన తండ్రికి మాటని తీగ మీద పంపే ఆలోచన మొదటిసారి విడమరిచి చెప్పాడు. ఆ వేసవికి బోస్టన్ డాక్టరు ఒకాయన ఇచ్చిన చనిపోయిన మనిషి చెవిని వెంట తెచ్చుకుని, దాని కర్ణభేరి ఎలా కదులుతుందో చూస్తూ కూర్చున్నాడు. (వాళ్ళమ్మ ఏమనుకుందో పాపం. ఆవిడకి వినికిడి సమస్య.) పేటెంట్ కాగితాలు రాయడం మొదలుపెట్టింది కూడా 1875లో ఈ ఇంట్లోనే.

ఇంకోటి. 1876 ఆగస్టు 10న ఇక్కడ పాడితే, మాట్లాడితే సుమారు 13 కిలోమీటర్ల అవతల పారిస్‌లో కూర్చుని విన్నాడు. మన ఒంటారియో పారిస్ సుమా, ఫ్రాన్సుది కాదు. ప్రపంచంలో మొదటి దూరపు టెలిఫోన్ కాల్ అదేనంటారు. కెనడాలో మొదటి టెలిఫోన్ ఆఫీసు పెట్టిందీ ఈ ఊళ్ళోనే.

నేను ఇక్కడికి వచ్చి 23 ఏళ్ళు. ఎవరు ఇండియా నుంచి వచ్చినా ముందు ఆ ఇంటికే తీసుకెళ్తాను. ఒక్కరైనా "ఈయన మీ ఊరివాడు కాదుగా" అనలేదు.

ఎర్రబస్సు
అతిథులు మర్యాదస్తులు బాబాయ్. భోజనం మీ ఇంట్లోనే కదా మరి 😄

పుస్తకాలపురుగు
సారా జెనెట్ డంకన్ పేరు ఎవరూ ఎత్తలేదేం? 1861లో బ్రాంట్‌ఫర్డ్‌లో పుట్టింది, ఇక్కడే పెరిగింది. విలేకరిగా ప్రపంచం చుట్టి, కలకత్తా మ్యూజియంలో పనిచేసే ఆయన్ని 1890లో పెళ్ళి చేసుకుని దశాబ్దాల పాటు ఇండియాలో ఉంది. సిమ్లాలో కూర్చుని ఈ ఊరి మీద నవల రాసింది, ఊరిపేరు మాత్రం మార్చి. మన స్టాల్‌కి ఇంతకంటే సరిపోయే మనిషి ఉందా?

గోదారోడు
బాబాయ్ గారూ, మీ వాదన మీకే అడ్డం తిరుగుతోంది. బెల్ స్వయంగా అన్నమాట మీకూ తెలుసు: ఆలోచన బ్రాంట్‌ఫర్డ్‌ది, పుట్టుక బోస్టన్‌ది. ఆయనే ఒప్పుకున్నాక మనమెవరం? కడుపులో పడ్డ ఊరు రాస్తారా, పుట్టిన ఊరు రాస్తారా బర్త్ సర్టిఫికెట్‌లో?

పైగా ఫోన్ సంగతే తేలలేదు. 2002 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభ ఇటలీ నుంచి వలస వచ్చిన మెయుచీ కృషిని గుర్తిస్తూ తీర్మానం చేసింది. పది రోజులకే ఒట్టావాలో కెనడా పార్లమెంటు "కాదు, బెల్లే" అని ఎదురు తీర్మానం చేసింది. పార్లమెంటు ఓటేస్తే గాని నిలబడని గొప్పతనం ఏం గొప్పతనం!

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
బర్త్ సర్టిఫికెట్ పోలిక నువ్వు తెచ్చావు కాబట్టి చెప్తున్నా. మీ అక్కో చెల్లో పురిటికి పుట్టింటికి వెళ్తే బిడ్డ అమ్మమ్మ గారి ఊళ్ళో పుడతాడు. వాడిది అమ్మమ్మ గారి ఊరంటామా? బోస్టన్ ఆసుపత్రి లాంటిది తమ్ముడూ.

గోదారోడు
అప్పుడు బ్రాంట్‌ఫర్డ్ ఏమవుతుంది, అత్తారిల్లా? ఆయన అత్తారిదీ బోస్టన్ వైపేనండీ.

ఎర్రబస్సు
టెలిఫోన్ గారికి సీమంతం ఎక్కడ జరిగిందో కూడా తేల్చేయండి, పనైపోతుంది.

సీతాకోక
హేమ గారూ, నా అభ్యంతరం బెల్ గురించి కాదు. పౌలీన్ జాన్సన్ గురించి. ఆవిడని "మా ఊరి" అని రాయడం నాకు ఇబ్బందిగా ఉంది. పుట్టింది 1861లో, ఊరి పక్కనున్న ఆదివాసుల భూమి సిక్స్ నేషన్స్ రిజర్వులో, చీఫ్స్‌వుడ్ ఇంట్లో. తండ్రి మోహాక్ అనే ఆదివాసీ జాతి చీఫ్, తల్లి ఇంగ్లండ్ ఆవిడ. తండ్రి పోయాక, 1884 తర్వాత అద్దె ఇంటికి మారినప్పుడు బ్రాంట్‌ఫర్డ్ వచ్చారు. రిజర్వు ఈ ఊరిలో భాగం కాదు. ఎప్పుడూ కాదు.

తొంభైతొమ్మిది
ఇలా గీతలు గీస్తూ పోతే గ్రెట్జ్‌కీ ఒక్కడే మిగులుతాడు. నాకు ఓకే.

మేపుల్ మావయ్య
గ్రెట్జ్‌కీ కూడా వద్దు. అమెరికా అధ్యక్షుడు మన దేశాన్ని 51వ రాష్ట్రం అంటుంటే ఆయన పక్కన నవ్వుతూ ఫోటోలు దిగాడు. 2025 ఫిబ్రవరిలో బోస్టన్‌లో అమెరికాతో హాకీ ఫైనల్‌కి కెనడా తరఫున గౌరవ కెప్టెన్‌గా వచ్చి అమెరికా ఆటగాళ్ళకి బొటనవేలు చూపించి వెళ్ళాడు. కెనడా డే స్టాల్‌లో ఆయన బొమ్మా?

తొంభైతొమ్మిది
మావయ్యా, ఆ ఫైనల్ 3-2తో గెలిచింది మనం. NHL లీగ్‌లో గ్రెట్జ్‌కీవి 894 గోల్స్, 2,857 పాయింట్లు. రష్యా ఆటగాడు ఒవెచ్‌కిన్ 2025 ఏప్రిల్‌లో గోల్స్ రికార్డు దాటాడు సరే, పాయింట్ల రికార్డు దగ్గరికి రమ్మనండి చూద్దాం. పదేళ్ళ వయసులో ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టాడు, ఈ ఊళ్ళోనే. వాళ్ళ నాన్న వాల్టర్ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి రింకు చేసేవాడు. ఫోటో ఎవరితో దిగాడో చూసి రికార్డులు చెరిపేస్తారా?

గోదారోడు
గ్రెట్జ్‌కీ విషయంలో నేను తొంభైతొమ్మిది వైపే. పుట్టాడు, పెరిగాడు, ఇక్కడి మంచు మీద నేర్చుకున్నాడు. అది చాలు. రాజకీయాలు నాకు అనవసరం.

కానీ ఒక మాట. ఆ అబ్బాయి 14 ఏళ్ళకే టొరంటో ఎందుకు వెళ్ళిపోయాడో ఎవరైనా చెప్తారా? ఊళ్ళో మిగతా పిల్లల తల్లిదండ్రులు వాడు మంచు మీదికి వస్తే గేలి చేసేవాళ్ళు. "మా వాడికి పాస్ ఇవ్వడు" అని. ఇప్పుడు రోడ్డుకి వాడి పేరు, స్పోర్ట్స్ సెంటర్‌కి వాడి పేరు, ముందు విగ్రహం. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఊళ్ళన్నీ అంతే. ఉన్నవాడిని తరిమేసి, ఎనిమిది నెలలు ఉండి వెళ్ళిపోయిన దొరని నెత్తిన పెట్టుకుంటాయి.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
సరే, నీ లెక్కనే పోదాం. పుట్టాలి, పెరగాలి అన్నావు. హారిస్ 1885లో ఇక్కడ పుట్టాడు. తండ్రి పోవడంతో తొమ్మిదేళ్ళ వయసులో టొరంటో వెళ్ళిపోయాడు. గ్రూప్ ఆఫ్ సెవెన్ అనే చిత్రకారుల బృందం, ఆ మంచు కొండల బొమ్మలు, 2016లో ఒక్క బొమ్మ కోటీ 12 లక్షల డాలర్లకి పోవడం, అంతా ఊరు వదిలాకే. హార్ట్‌మన్ పదేళ్ళకి అమెరికా వెళ్ళాడు. పౌలీన్ గారు రిజర్వు అని సీతాకోక అమ్మాయి చెప్పేసింది. ఇక నీ బోర్డు మీద గ్రెట్జ్‌కీ ఒక్కడు, పక్కన నాలుగు ఖాళీలు. ఆ ఖాళీల్లో ఏం రాయిస్తావు, "స్థలం అద్దెకివ్వబడును" అనా?

గోదారోడు
జేమ్స్ హిల్లియర్ అని రాయిస్తాను. 1915లో ఇక్కడ పుట్టాడు, ఇక్కడి స్కూళ్ళలోనే చదివాడు. 1938లో టొరంటో యూనివర్సిటీలో స్నేహితుడు ప్రీబస్‌తో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తయారుచేశాడు. ఈ ఖండంలో పనికొచ్చే మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అది. తర్వాత అమెరికాలో పెద్ద హోదాకి వెళ్ళాడు, అయినా ఈ ఊరి పిల్లల సైన్సు చదువులకి స్కాలర్‌షిప్పులు పెట్టించాడు. ఈ థ్రెడ్‌లో ఎంతమందికి తెలుసు ఆ పేరు? నిజం చెప్పండి.

హారిస్‌ని తీసేసినా నాకు బాధ లేదు. ఆయన బొమ్మలు వేసుకుంటూ తీరిగ్గా ఉన్నది తాతల నాటి హారిస్ వ్యవసాయ యంత్రాల కంపెనీ సొమ్ముతో. 1891లో మాసీతో కలిసి మాసీ-హారిస్ అయింది. మా ఊళ్ళో ఎర్ర మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు చూసి పెరిగాను. ఆ పేరు వెనక ఈ ఊరు ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో బోల్టులు బిగించినవాళ్ళ బొమ్మ పెట్టమంటే పెడతాను. 1980ల్లో కంపెనీలు మూతపడి వీధిన పడ్డది వాళ్ళే.

పుస్తకాలపురుగు
పుట్టి పెరిగిన రూలు డంకన్‌కి సరిగ్గా సరిపోతుంది. ఊరికే గుర్తుచేస్తున్నా.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
హిల్లియర్ మంచి పేరే, కాదనను. అది వేరు, బెల్ వేరు. 1917లో ఊరంతా చందాలు వేసుకుని ఆయనకి స్మారకం కట్టించుకుంది. చెక్కింది వాల్టర్ ఆల్వర్డ్, తర్వాత ఫ్రాన్సులో కెనడా సైనికుల విమీ యుద్ధ స్మారకం కట్టినాయన. ఆవిష్కరణకి డెబ్భై ఏళ్ళ బెల్ స్వయంగా వచ్చాడు. ఊరు ఆయన్ని తనవాడనుకుంది, ఆయన ఊరికి వచ్చాడు. మధ్యలో మనకి అభ్యంతరం దేనికి?

గోదారోడు
ఎందుకంటే ఊరు బస్టాండ్ కాదు బాబాయ్ గారూ. ఎవరైనా వచ్చి ఎనిమిది నెలలు కూర్చుని పోతే ఊరివాడైపోతే, ఇక పుట్టి పెరిగినవాళ్ళకి విలువేముంది? రేపు హైవే 403 మీద పోతూ పెట్రోలు కొట్టించుకున్నవాడికీ బొమ్మ పెట్టండి.

రూమ్ నంబర్ 4
నేను మామూలుగా ఇక్కడ చదివి పోతానంతే, రాయను. ఇది చూసి రాస్తున్నా. నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి సరిగ్గా ఎనిమిది నెలలు అయింది. బేస్‌మెంట్‌లో నలుగురం. రాత్రి షిఫ్టు, పొద్దున క్లాసు. బస్టాండ్ అన్నారు కదా, బాగుంది. మాకూ అలాగే అనిపిస్తుంది.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
చూశావా గోదారీ, ఏం మాటన్నావో?

నేను 23 ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను. పదకొండేళ్ళు నైట్ షిఫ్టు. ఇల్లు కట్టుకున్నది ఇక్కడ, మా ఆవిడని సాగనంపింది ఇక్కడ. అయినా ఎదురింటి ముసలాయన వారానికోసారి "అసలు మీది ఏ ఊరు" అంటాడు. పాపం మంచివాడే. ఇండియా వెళ్తే రచ్చబండ దగ్గర "కెనడాయన వచ్చాడు" అంటారు. ఓటర్ల లిస్టులో పేరు తీసేశారు, రేషన్ కార్డులో తీసేశారు, చివరికి గుడి చందా పుస్తకంలో కూడా "కెనడా" అని వేరే పేజీ. పుట్టాలి అంటావు, నేను ఇక్కడ పుట్టలేదు. ఉండాలి అంటే అక్కడ లేను. నీ రూలు ప్రకారం నాది ఏ ఊరో చెప్పు. బెల్ సంగతి తర్వాత చూద్దాం.

అసలు నువ్వుండేది వేరే ఊరు కిచెనర్‌లో! బ్రాంట్‌ఫర్డ్ గుమ్మంలో కూర్చుని ఎవరు లోపలికి రావాలో చెప్పడానికి నువ్వెవరు?

ఎర్రబస్సు
కిచెనరా!! 😮

గోదారోడు
అవును, కిచెనర్‌లో ఉంటాను. బ్రాంట్‌ఫర్డ్‌లో మూడేళ్ళు గోడౌన్‌లో పనిచేశాను. మూడేళ్ళు పనిచేసినా ఈ ఊరు నాదని నేను ఎప్పుడూ అనలేదు. అదే నా పాయింటు.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
నీ ఇంటిపేరు ఏ ఊరిది?

గోదారోడు
దానికీ దీనికీ సంబంధం లేదు.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
ఉంది. సగం తెలుగువాళ్ళ ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే. నీ పేరుకి ముందు ఉన్న ఊరు ఎప్పుడైనా చూశావా?

గోదారోడు
కృష్ణా జిల్లాలో ఉందట. చూడలేదు. మా ముత్తాత తండ్రి వదిలి గోదావరి వైపు వచ్చేశాడు. ఇంటిపేరు వేరు, ఊరు వేరు.

మోడరేటర్
వ్యక్తిగత వివరాల్లోకి వెళ్ళకండి. ఇంటిపేర్లు, ఉండే ఊళ్ళు ఇక ఆపండి. బోర్డు గురించే మాట్లాడండి.

గోదారోడు
మోడరేటర్ గారూ, ఒక్కటి చెప్పి ఆపేస్తాను. రూమ్ నంబర్ 4 తమ్ముడూ, నిన్ను ఉద్దేశించి అనలేదు. ఆ మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నా.

మా నాన్న ఊరి స్కూల్లో 31 ఏళ్ళు మాస్టారు. చివరి తొమ్మిదేళ్ళు హెడ్ మాస్టారు. అదే ఊళ్ళో పుట్టాడు, అదే స్కూల్లో చదివాడు. వానాకాలం పైకప్పు కారితే జీతం డబ్బులతో రేకులు వేయించిన రోజులున్నాయి. రెండేళ్ళ కింద స్కూలు ఉత్సవం చేశారు. గోడకి నల్లరాతి పలక పెట్టారు, "ఈ ఊరు గర్వించదగ్గ వ్యక్తులు" అని. మొదటి పేరు ఎవరిదో తెలుసా? చిన్నప్పుడు మేనమామ ఇంట్లో రెండేళ్ళు ఉండి చదువుకుని, తర్వాత పెద్ద వ్యాపారస్థుడైనాయనది. రెండు గదులు కట్టించాడు. ఎనిమిది పేర్లు చెక్కారు. మా నాన్న పేరు లేదు. ఎందుకని అడిగితే కమిటీలో ఒకాయన "మాస్టారు ఇక్కడివాడే కదా, ఆయన పేరు దేనికి" అన్నాడు. నాన్న ఆ పలక ముందు నిలబడి పేర్లన్నీ చదివి, ఒక తెలుగు మాటలో దీర్ఘం తప్పు చెక్కారని చెప్పి వచ్చేశాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

మీరు బెల్ అంటే నాకు ఆ పలక కనిపిస్తుంది.

ఎర్రబస్సు
దీని మీద జోకు వెయ్యలేను అన్నా.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
తమ్ముడూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. ఒప్పుకుంటున్నా. కానీ ఆ రెండు గదులు కట్టించినాయన మీద కోపం బెల్ మీద చూపిస్తే ఎలా? మాస్టారి పేరు వదిలేసినవాడిది తప్పు. వచ్చినవాడి పేరు రాయడం తప్పు కాదు.

గోదారోడు
పలక మీద ఎనిమిది పేర్లకే చోటు. బోర్డు మీద ఐదుగురికే. ఒకరిని రాస్తే ఒకరు పోతారు బాబాయ్ గారూ.

సీతాకోక
మీ ఇద్దరూ ఇంతసేపు "ఈ ఊరు మాది, మాది" అంటుంటే ఒక సంగతి చెప్పక తప్పడం లేదు. బ్రాంట్‌ఫర్డ్ అన్న పేరే జోసెఫ్ బ్రాంట్ నది దాటిన రేవు నుంచి వచ్చింది. ఆయన మోహాక్ నాయకుడు, అసలు పేరు థాయెండనేగియా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆయనా, ఆయన జనమూ బ్రిటిష్ వైపు నిలబడి సొంత నేల పోగొట్టుకున్నారు. దానికి బదులుగా 1784లో బ్రిటిష్ గవర్నర్ హాల్డిమండ్ ప్రకటన ద్వారా గ్రాండ్ నదికి అటూ ఇటూ ఆరేసి మైళ్ళ భూమి ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళ చేతిలో మిగిలింది అందులో ఐదు శాతం కూడా లేదు. మనం స్టాల్ పెట్టే పార్కు కూడా ఆ ఆరు మైళ్ళలోదే.

అందుకే పౌలీన్ గారిని చల్లగా "మా ఊరి కవయిత్రి" అనేయడం నాకు నచ్చలేదు. వాళ్ళింటికి రెండు ముఖద్వారాలు. ఒకటి రోడ్డు వైపు, ఇంకోటి నది వైపు, పడవల్లో వచ్చే సొంత జనానికి. రెండూ ఒకేలా ఉంటాయి, దేన్నీ దొడ్డిదారి అనలేం. ఆవిడ స్టేజి మీద సగం ప్రోగ్రాం తోలు దుస్తుల్లో, సగం ఇంగ్లీషు గౌనులో చదివేది. అంత ఆలోచించి బతికిన మనిషిని మన బోర్డు ఒక ఊరికి రాసిచ్చేస్తుందా?

ఇంకా టామ్ లాంగ్‌బోట్. అదే రిజర్వువాడు. 1907 బోస్టన్ మారథాన్ 2 గంటల 24 నిమిషాల్లో గెలిచాడు, అప్పటిదాకా ఉన్న రికార్డుని నిమిషాల తేడాతో చెరిపేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో కబుర్లు మోస్తూ పరిగెత్తాడు. చనిపోయాడని పొరపాటు వార్త వస్తే ఇక్కడ భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఇతనికి బ్రాంట్‌ఫర్డ్‌తో ఉన్న సంబంధం ఏమిటో తెలుసా? చిన్నప్పుడు మోహాక్ ఇన్‌స్టిట్యూట్ రెసిడెన్షియల్ స్కూల్లో పడేశారు. పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి, వాళ్ళ భాష మాట్లాడనివ్వకుండా పెంచిన చోటు అది. పెట్టే జావని బట్టి పిల్లలు దాన్ని "మష్ హోల్" అనేవాళ్ళు. 1970 దాకా నడిచింది. లాంగ్‌బోట్ అక్కడి నుంచి పారిపోయాడు. అతను పారిపోయింది మన ఊరి నుంచి. "మా ఊరివాడు" అని రాస్తే ఆయన ఏమంటాడో ఆలోచించండి.

మేపుల్ మావయ్య
పిల్లల స్టాల్ దగ్గర ఇంత బరువైన విషయాలు అవసరమా?

సీతాకోక
ఆ స్కూల్లో ఉన్నదీ పిల్లలే మావయ్య గారూ.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
అమ్మా, నేను ఆ భవనం ముందు నుంచి ఎన్నిసార్లు కారులో పోయానో. 23 ఏళ్ళలో లోపలికి వెళ్ళలేదు. బెల్ ఇంటికి మాత్రం ముప్ఫై సార్లు వెళ్ళి ఉంటాను. అక్కడ గైడు ఒక సంగతి చెప్పింది: బెల్ వచ్చిన కొత్తల్లో రిజర్వుకి వెళ్ళి మోహాక్ భాష నేర్చుకుని, తన నాన్న కనిపెట్టిన, ఉచ్చారణని చూపే గుర్తుల్లో ఆ మాటలు రాశాడట. వాళ్ళు ఆయన్ని గౌరవ చీఫ్‌గా చేసుకున్నారట. ఎప్పుడూ గొప్పగా చెప్పేవాడిని ఇది. పక్కనే స్కూల్లో అదే భాష మాట్లాడితే పిల్లల్ని కొట్టారన్నది పక్కన పెట్టి చెప్పాను.

గోదారోడు
అది కూడా బెల్ ఊరివాడని రుజువు చేయదు. రిజర్వు వాళ్ళు తనవాణ్ణి చేసుకున్నారని మాత్రం చెప్తుంది.

బ్రాంట్‌ఫర్డ్ బాబాయ్
వదలవు కదా!

రూమ్ నంబర్ 4
గోదారి అన్నా, పర్లేదు. మీ నాన్నగారి సంగతి మా రూమ్‌లో చదివి వినిపించాను. ఆ తప్పు చెక్కిన మాట ఏమిటని మావాళ్ళు అడుగుతున్నారు.

గోదారోడు
"విద్యాదాత". "విద్యదాత" అని చెక్కారు.

హేమ_కె
శుక్రవారం అయింది. చదివాను, అన్నీ చదివాను, రాత్రి రెండు దాకా. తీర్పు చెప్పే ఓపిక లేదు, చేసింది చెప్తాను.

"మా ఊరి గొప్పవాళ్ళు" అన్న పేరు తీసేశాం. బోర్డు మీద గ్రాండ్ నది గీస్తున్నాం, పేరు "గ్రాండ్ నది ఒడ్డున". ఎవరి బొమ్మ వాళ్ళ చోట. ట్యుటెలా హైట్స్ దగ్గర బెల్, పారిస్ దాకా తీగ. కింద "ఎడిన్‌బరోలో పుట్టాడు, 1870లో వచ్చాడు" అని స్పష్టంగా. ఊళ్ళో గ్రెట్జ్‌కీ, హిల్లియర్. ఊరి గీత బయట, రిజర్వులో పౌలీన్ గారు, లాంగ్‌బోట్. లాంగ్‌బోట్ బొమ్మ ఊరి వైపు వీపు పెట్టి పరిగెడుతుంది. సీతాకోక గారి అమ్మాయి అలా గీసింది, నేను మార్చలేదు. ఆ స్కూలు గురించి రెండు లైన్లు ఉంటాయి. మావయ్య గారూ, క్షమించండి.

హారిస్, హార్ట్‌మన్ లేరు. గొడవలు వద్దు.

మేపుల్ మావయ్య
అంటే గ్రెట్జ్‌కీ ఉన్నాడన్నమాట. నేను స్టాల్‌కి రాను.

తొంభైతొమ్మిది
మధ్యలో ఉన్నాడా? పెద్దగా?

పుస్తకాలపురుగు
డంకన్?

గోదారోడు
హేమ గారూ, మీరు పెట్టిన స్కెచ్ ఫోటో చూశాను. పారిస్‌ని బ్రాంట్‌ఫర్డ్‌కి దిగువన పెట్టారు. నది పారిస్ మీదుగా బ్రాంట్‌ఫర్డ్‌కి వచ్చి, తర్వాత రిజర్వు వైపు పోయి ఈరీ సరస్సులో కలుస్తుంది. పారిస్ ఎగువన ఉండాలి.

హేమ_కె
అయ్యో, నిజమే. మార్పిస్తాను. రేపు పదింటికి బోర్డు నిలబెట్టాలి, నిచ్చెన ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గోదారోడు
నా దగ్గర ఉంది. తొమ్మిదిన్నరకి వస్తాను. కానీ బెల్ మాత్రం ఊరివాడు కాదు.